మూత్రంలో మంట – పల్లేరు కషాయం

పొలం గట్టున కాలికి గుచ్చుకొనే పల్లేరుకాయ మీకు తెలిసినదే. కన్నడంలో నెగ్గిలు, తమిళంలో నెరుంజి అంటారు. మూత్రంలో మంటకు మన పెద్దలు ఎండిన పల్లేరుకాయలు నలగ్గొట్టి కషాయం కాచి ఇచ్చేవారు. రాత్రి నానబెట్టిన ధనియాల నీరు, బార్లీ నీరు కూడా తాగించేవారు. ఇలా నీరు ఎక్కువగా తాగితే మూత్రం పలచబడి కొంత హాయిగా ఉంటుంది.

అయితే సూక్ష్మక్రిములు చేరిన జబ్బు కషాయంతో నయం కాదు. చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, మూత్రంలో రక్తం కనిపిస్తే అదే రోజు డాక్టరుకు చూపించండి. గర్భిణులకు, పిల్లలకు మంట ఒక్కటే ఉన్నా ఆలస్యం చేయకండి. ఇంట్లో కషాయం ఇవ్వకండి.

మరొక మాట. బడిలో మరుగుదొడ్డి బాగుండదని మన ఆడపిల్లలు నీళ్ళు తాగడమే మానేస్తారు, మూత్రం ఆపుకొంటారు. సాయంత్రం అమ్మాయి ఇంటికి రాగానే సీసాలో నీళ్ళు ఎన్ని మిగిలాయో చూడండి. నిండుగా ఉంటే కారణం అడగండి.