సెకనులో వందో వంతు



ముందు మీ ఫోన్లతో ఒక చిన్న పని చేద్దాం. కెమెరాలో ప్రో మోడ్ ఉన్నవాళ్లు వీడియో తెరిచి, షట్టర్‌ను 1/1000 దగ్గర పెట్టి, ఈ హాల్లోని ట్యూబ్‌లైట్ల వైపు తిప్పండి. తెరమీద నల్లటి చారలు కనిపిస్తున్నాయి కదా. కంటికి నిండుగా వెలుగుతున్న దీపం ఫోనులో ఎందుకిలా చారలు కడుతోంది? పెళ్లి వీడియోలు తీసేవాళ్లనీ, ఇంట్లో యూట్యూబ్ చానల్ నడిపేవాళ్లనీ, ఆన్‌లైన్ పాఠాలు చెప్పే మాస్టార్లనీ ఒకేలా సతాయించే ఈ మిణుకు గురించే ఇవాళ మాట్లాడుకుందాం.

మన ఇళ్లకొచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఒక్కో ఊపులో ఇటువైపు ఒకసారి, అటువైపు ఒకసారి గరిష్ఠానికి చేరుతుంది. ఎటు చేరినా దీపం వెలుగుతుంది. అంటే వెలుగు సెకనుకు 100 సార్లు పెరిగి తగ్గుతోందన్నమాట. అమెరికాలో కరెంటు ఊగేది 60 సార్లు, కాబట్టి అక్కడ వెలుగు పెరిగి తగ్గేది 120 సార్లు. ఇంత వేగాన్ని మన కన్ను విడదీసి చూడలేదు. కెమెరా చూడగలదు.

అన్ని దీపాలూ ఒకేలా తగ్గవు. పాత ఫిలమెంటు బల్బులో తీగ కాలి ఉంటుంది. వందో వంతు సెకనులో అది చల్లారదు గనక వెలుగు కొద్దిగానే తగ్గుతుంది. కాపర్ చోకు ట్యూబ్‌లైటుకు ఆ నిలవ వేడి లేదు, బాగా తగ్గుతుంది. ఎలక్ట్రానిక్ చోకు కరెంటును సెకనుకు 20,000 సార్లకు పైగా ఊపుతుంది, దాంతో చాలావరకు పేచీ లేదు. ఎల్‌ఈడీ సంగతి లోపలున్న డ్రైవర్‌ను బట్టి ఉంటుంది. మంచి డ్రైవర్ కరెంటును నిలకడగా ఇస్తుంది. నాలుగు రూపాయలు మిగులుతాయని అందులో కెపాసిటర్‌ను చిన్నది వేస్తే, నిన్న కొన్న బల్బు పాత ట్యూబ్‌లైటు కంటే ఎక్కువ మిణుకుతుంది.

ఇక కెమెరా దగ్గరికి వద్దాం. వీధిలో బోరింగు కొడుతున్నారనుకోండి. నీళ్లు ఒకే ధారగా రావు, కొట్టుకొక విసురు చొప్పున పడతాయి. కింద చెంబు పెట్టి సరిగ్గా రెండు కొట్ల సేపు ఉంచితే, ఎప్పుడు పెట్టినా నీళ్లు సమానంగానే దొరుకుతాయి. అదే ఒకటిన్నర కొట్ల సేపు ఉంచితే ఒకసారి రెండు విసుర్లు పడతాయి, ఒకసారి ఒకటే పడుతుంది. వీడియోలో ప్రతి ఫ్రేమూ ఒక చెంబు. షట్టర్ తెరిచి ఉండే సమయమే చెంబు ఉంచిన సమయం.

కాబట్టి మన దేశంలో షట్టర్ 1/100 గానీ 1/50 గానీ ఉండాలి. మొదటిదాన్లో ఒక విసురు, రెండోదాన్లో రెండు, నిండుగా దొరుకుతాయి. అమెరికాలో అయితే 1/120 లేదా 1/60.

తప్పితే ఏమవుతుందో చూడండి. ఫోను మామూలుగా సెకనుకు 30 ఫ్రేములు తీస్తుంది. షట్టర్ 1/60 అనుకుందాం. మన దీపం కింద ఒక్కో ఫ్రేముకు ఒక పూర్తి విసురు, మరో దాంట్లో మూడింట రెండు వంతులు వస్తాయి. ఏ ఫ్రేము విసురులో ఎక్కడ మొదలైందో దాన్నిబట్టి వెలుగు మారిపోతుంది. ఈ హెచ్చుతగ్గులు మూడు ఫ్రేములకొకసారి తిరిగొస్తాయి, అంటే సెకనుకు 10 సార్లు. దీన్ని కన్ను ఇట్టే పట్టేస్తుంది. పైగా ఫోను సెన్సర్ బొమ్మనంతా ఒక్కసారిగా చదవదు, ఒక్కో వరసనే చదువుకుంటూ పోతుంది. ఒక్కో వరసకు ఒక్కో క్షణపు వెలుగు అందుతుంది గనక చారలు పుడతాయి.

వీడియోలో సెకనుకు 25, 30 ఫ్రేముల లెక్కలు అసలు ఎక్కడివి? తొలినాళ్ల టీవీ ఇంజనీర్లు బొమ్మల లెక్కను కరెంటు లెక్కకే ముడివేశారు. కరెంటు వల్ల తెరమీద వచ్చే అలజడి పాకకుండా ఒకచోట నిలవాలన్నది వాళ్ల ఆలోచన. 1936లో లండన్‌లో బీబీసీ మొదలుపెట్టిన ప్రసారంలో సెకనుకు 50 అర బొమ్మలు, అంటే 25 నిండు బొమ్మలు. అమెరికాలో 60 అర బొమ్మలు, 30 నిండువి. 1953లో రంగు జోడించినప్పుడు అమెరికా వాళ్ల 30 కాస్తా 29.97కి తగ్గింది. మన దూరదర్శన్ 1982లో రంగుల్లోకి వచ్చింది పాల్ పద్ధతిలో, సెకనుకు 25తో.

జపాన్ సంగతి మరీ విచిత్రం. 1895లో టోక్యో జర్మనీ జనరేటర్లు తెచ్చుకుంది, అవి సెకనుకు 50 ఊపులవి. మరుసటి ఏడు ఒసాకా అమెరికావి తెచ్చుకుంది, అవి 60. ఈనాటికీ తూర్పున 50, పడమట 60. టీవీ మాత్రం దేశమంతటా అమెరికా లెక్కే. కాబట్టి టోక్యోలో వీడియో తీసేవాళ్లు 30 ఫ్రేములు ఉంచుకునే, షట్టర్‌ను 1/100కి మార్చుకుంటారు. మనం నేర్చుకోవలసిందీ ఇదే. ఫ్రేమ్ రేటును చూసేవాళ్లను బట్టి ఎంచుకోండి, షట్టర్‌ను దీపాన్ని బట్టి.

న్యూజెర్సీ నుంచి పెదనాన్నగారబ్బాయి కెమెరా తెచ్చి పెళ్లిలో మీకిచ్చాడనుకోండి. అది అమెరికా పద్ధతైన ఎన్‌టీఎస్‌సీ మీద, 30 దగ్గర ఉండవచ్చు. కంగారు వద్దు. మెనూలో పాల్‌కి మార్చి 25, 1/50 పెడితే శ్రేష్ఠం. 30 ఫ్రేములే కావాలంటే ఉంచుకోండి, షట్టర్ మాత్రం 1/50. ఐఫోను సెట్టింగ్స్‌లో కెమెరా, అందులో రికార్డ్ వీడియో, అక్కడ షో పాల్ ఫార్మాట్స్ ఆన్ చేస్తే 25 కూడా కనిపిస్తుంది. మీరు అమెరికా వెళ్లి అక్కడి హాల్లో కూచిపూడి ప్రదర్శన తీస్తే లెక్క తిరగబడుతుంది. 25 ఉంచుకోవచ్చు, షట్టర్ 1/60 చేయాలి. సినిమా వాళ్లది 24 ఫ్రేముల లెక్క. వాళ్లు షట్టర్‌ను డిగ్రీల్లో కొలుస్తారు. మామూలుగా వాడే 180 డిగ్రీలు 1/48 సెకను అవుతుంది. అందుకే మన దీపాల కింద 172.8కి తగ్గిస్తారు, సరిగ్గా 1/50 వస్తుంది.

స్లో మోషన్‌లో చిక్కు ఎక్కువ. తలంబ్రాలను 120 ఫ్రేముల్లో తీస్తే ఒక్కో ఫ్రేముకు దొరికేది మహా అయితే 1/120 సెకను. నిండు విసురుకు అది చాలదు, ఏ షట్టర్ పెట్టినా లాభం లేదు. సెకనుకు 20 సార్లు మిణుకుతుంది. దాన్ని 25 ఫ్రేముల్లో నెమ్మదిగా చూపిస్తే ఆ మిణుకు సెకనుకు నాలుగుసార్లకు దిగి, అక్షింతల కంటే అదే ముందు కనిపిస్తుంది. కెమెరాలో 100 ఫ్రేములుంటే 1/100తో తీయండి. లేదంటే మిణకని లైటు వేసి తీయండి. పగటి ఎండలో ఈ బాధ లేదు.

ఫంక్షన్ హాళ్లలో మరో మూడు జాగ్రత్తలు. డిమ్మర్‌తో తగ్గించేటప్పుడు చాలా ఎల్‌ఈడీలను వేగంగా ఆర్పి వెలిగించి మసక చేస్తారు. దీనికీ కరెంటు లెక్కకూ సంబంధం ఉండదు, కాబట్టి లైటింగ్ అబ్బాయిని డిమ్మర్ పూర్తిగా పెంచమనండి. వెలుగెక్కువైతే లైటును దూరం జరపండి. వేదిక వెనక ఎల్‌ఈడీ తెర ఉంటే దాని రిఫ్రెష్ రేటు అడగండి. 1920 కంటే 3840 ఉన్నది కెమెరాకు మేలు. కరెంటు పోయి జనరేటర్ మీదికి వెళ్తే మళ్లీ చూసుకోండి. సాధారణంగా నిమిషానికి 1500 చుట్లు తిరిగితేనే 50 వస్తుంది. ఏసీల బరువుకు 1440కి పడితే 48 అవుతుంది, మీ 1/50 లెక్క తప్పుతుంది.

మిణుకును తగ్గించే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు లేకపోలేదు. కానీ కదిలే మనుషుల ముఖాల మీద పడ్డ చారలను అవి పూర్తిగా తుడవలేవు. వేదిక లైట్లన్నీ వేయించి ముందే ఒక నిమిషం తీసి, పెద్ద తెరమీద చూసుకోవడమే చవకైన మందు. కెమెరాలు తెచ్చుకున్నవాళ్లు ముందుకు రండి, ఈ లైట్ల కిందే సరిచేసి చూద్దాం. మిగతావాళ్లు ప్రశ్నలు మొదలుపెట్టవచ్చు.