ఫోన్‌లో మన పని: ఎవరు చెప్తున్నారు, ఎందుకు చెప్తున్నారు

వార్షిక సమావేశంలో టైల్స్, మార్బుల్ పనివాళ్ళ బృందం తరఫున చేసిన ప్రసంగం



మేము టైల్స్ పరిచేవాళ్ళం. మాలో కొందరు ఊళ్ళోనే తాండూరు బండలు, బేతంచర్ల బండలు పరిచి చేయి తిరిగినవాళ్ళు. కొందరు ఇక్కడికి హెల్పర్లుగా వచ్చి, బస్తాలు మోస్తూ, మాలు కలుపుతూ పని నేర్చినవాళ్ళు. ఒక్కోసారి మేము పరిచే గ్రానైటు కరీంనగర్ టాన్ బ్రౌన్ అవుతుంది, లేదంటే చీమకుర్తి గెలాక్సీ అవుతుంది. మనకంటే ముందే మన రాయి వచ్చి కూర్చుందని నవ్వుకుంటాం.

ఈసారి కమిటీవాళ్ళు మమ్మల్ని ఫోన్ గురించి మాట్లాడమన్నారు. ఎందుకంటే మన పని గురించి రోజూ ఫోన్‌లో ఎంతో నడుస్తోంది. రీల్స్, యూట్యూబ్ వీడియోలు, ఫేస్‌బుక్ పోస్టులు, వాట్సాప్‌లో ఉద్యోగాల ప్రకటనలు. డ్యూటీ నుంచి వచ్చి, వండుకుని తిని, పడుకునే ముందు అందరం అవే చూస్తాం. ఒక్కరం చూస్తే వచ్చింది వచ్చినట్టే పోతుంది. పదిమందిమి కలిసి గమనించి, రాసిపెట్టుకుంటే మాత్రం ఏది నిజమో, ఏది ఎర వేసిన గాలమో తెలుస్తుంది. మేము చెప్పదలచుకున్నది ఇదే.

మా బృందం ఒక నోటు పుస్తకం పెట్టింది. అందులో ఐదు గళ్ళు. ఏ తేదీన చూశాం, ఎవరు పెట్టారు, ఏం చెప్పారు, దానివల్ల ఎవరికి లాభం, నిజమో కాదో మేము ఎట్లా తెలుసుకున్నాం. వంతులవారీగా వారానికి ఇద్దరు రాస్తారు. సెలవు రోజున అందరం కూర్చుని చదువుతాం. ఇందులో పెద్ద చదువు అవసరమైన పని ఏదీ లేదు. ఆ పుస్తకంలో ఏం తేలిందో నాలుగు ముక్కల్లో చెప్తాం.

మొదటిది, ఉద్యోగాల ప్రకటనలు.

నిరుడు జగిత్యాల వైపు నుంచి ఒక తమ్ముడు వచ్చాడు. అద్దంలా మెరిసే ఫ్లోరు ఫోటో, కింద "టైల్స్ మేస్త్రీలు 20 మంది కావలెను, జీతం 2,800 దిర్హాంలు, రూము, భోజనం ఫ్రీ" అని ఉన్న పోస్టు చూసి, నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి 1,30,000 రూపాయలు కట్టాడు. విజిట్ వీసా మీద దిగాడు. ఇక్కడ కంపెనీ లేదు, ఫోన్ ఎత్తేవాడూ లేడు. ఆ ఫోటోను గూగుల్‌లో పెట్టి వెతికితే, రెండేళ్ళ కిందట యూరప్‌లోని ఒక టైల్స్ కంపెనీ తన పేజీలో పెట్టుకున్న ఫోటో అని తేలింది. అదే ఫోటోతో మూడు పేర్ల మీద, మూడు నంబర్లతో ప్రకటనలు తిరుగుతున్నాయి. మా పుస్తకంలో ఆ మూడూ పక్కపక్కనే రాసి ఉన్నాయి. ఆ తమ్ముడికి మాత్రం అప్పటికే ఆలస్యమైంది.

అందుకే ప్రకటన చూడగానే ఇవి అడగండి. ఏజెంటుకు భారత ప్రభుత్వం ఇచ్చిన రిజిస్ట్రేషన్ ఉందా? ఆ నంబరు ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో కనబడుతుందా? రిజిస్టర్ అయిన ఏజెంటు కూడా తన ఫీజు కింద 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ తప్ప అంతకుమించి తీసుకోకూడదు. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు ఇవ్వాలి. ఎమిరేట్స్ కార్మిక చట్టం ప్రకారం కార్మికుణ్ణి తెచ్చుకునే ఖర్చు యజమానిదే, కార్మికుడి నుంచి వసూలు చేయకూడదు. విజిట్ వీసా మీద పని చేయడం ఇక్కడ నేరం. "ముందు విజిట్ మీద రా, తర్వాత మారుద్దాం" అనే మాట ప్రకటనలో కనబడితే అక్కడే ఆగిపోండి. ఆ ప్రకటనను తేదీ, నంబరు కనబడేటట్టు స్క్రీన్‌షాట్ తీసి దాచండి. రేపు ఫిర్యాదు చేయాల్సివస్తే అదే మన సాక్ష్యం.

రెండోది, పని నేర్పే వీడియోలు.

వీటివల్ల మాకు నిజంగా మేలు జరిగింది. ఇప్పుడు సైట్లలో మనిషి ఎత్తు మించిన స్లాబులు వస్తున్నాయి. వాటిని ఎట్లా ఎత్తాలి, వెనక వైపు కూడా గమ్ ఎందుకు పుయ్యాలి, లెవెలింగ్ క్లిప్పులు ఎట్లా వాడాలి అనేవి చాలామందిమి వీడియోల్లోనే నేర్చుకున్నాం. అయితే మా నాలుగో గడి ఇక్కడే పనికొచ్చింది. ఆ వీడియో పెట్టింది ఎవరు? క్లిప్పులు అమ్మేవాడు పెడితే, క్లిప్పు ఒక్కటి ఉంటే అన్నీ చక్కబడతాయన్నట్టు చూపిస్తాడు. క్లిప్పు రెండు టైల్స్ అంచులను ఒక మట్టంలో పట్టి ఉంచుతుంది, అంతే. కింద గమ్ నిండకపోతే ఆ డొల్ల డొల్లగానే ఉంటుంది. నాలుగు మూలలా, మధ్యలో ఐదు ముద్దలు వేసి టైల్ అంటించి, "చూడండి ఎంత స్పీడో" అనే రీల్స్‌కు లైకులు ఎక్కువ. ఆరు నెలల తర్వాత ఇంజినీరు వచ్చి కర్రతో కొట్టి డొల్ల శబ్దం వింటే, పీకి మళ్ళీ పరచమనేది మనల్నే.

అమెరికాలో, బ్రిటన్‌లో టైల్ మేస్త్రీలు ఇంకో రకం పోస్టులు పెడతారు. పాడైన ఫ్లోరును పీకి, టైల్ వెనక భాగం ఫోటో తీసి, తప్పు ఎక్కడ జరిగిందో చర్చిస్తారు. గమ్ గీతలు నలగకుండా అట్లాగే నిలబడి ఉంటే, టైలును సరిగ్గా నొక్కలేదని అర్థం. అమెరికా ప్రమాణాల ప్రకారం గమ్ లోపలి పొడి గదుల్లో కనీసం నూటికి 80 వంతులు, తడి చోట్ల, బయట 95 వంతులు టైలుకు పట్టి ఉండాలి. మెరిసే రీల్స్ పది చూసేకంటే ఇట్లాంటి ఫోటో ఒక్కటి చూస్తే ఎక్కువ నేర్చుకుంటాం.

గమ్ బస్తా మీద ఉండే అక్షరాలు కూడా అట్లాగే నేర్చుకున్నాం. సీ అంటే సిమెంటు గమ్. 1 అంటే మామూలుది, 2 అంటే ఎక్కువ పట్టు ఉన్నది. టీ ఉంటే గోడ మీద టైల్ జారదు. ఈ ఉంటే గమ్ పరిచాక టైల్ పెట్టడానికి ఎక్కువ సమయం దొరుకుతుంది. ఎస్ 1, ఎస్ 2 అంటే కాస్త వంగే గుణం ఉన్నవి. చల్లని దేశంలో తీసిన వీడియోలో గమ్ పరిచి తీరిగ్గా టైల్ పెడతారు. ఇక్కడి ఎండకు, వేడిగాలికి అంత సేపు దొరకదు, పైన పొర కట్టేస్తుంది. వేలితో తాకి చూడండి. వేలికి అంటకపోతే గీకేసి కొత్తది వెయ్యండి. ఏ దేశంలో తీసిన వీడియో అన్నది కూడా రాసుకోవాలని అప్పుడే తెలిసింది.

మూడోది, దుమ్ము. దీన్ని దయచేసి శ్రద్ధగా వినండి.

మేము రాసుకున్న కటింగ్ వీడియోల్లో చాలావాటిలో నీళ్ళు కనబడలేదు. గ్రైండరు పెట్టి పొడిగా కోస్తారు, తెల్లటి మబ్బు లేస్తుంది, ముక్కుకు తువ్వాలు కూడా ఉండదు. కింద "సూపర్ అన్నా" అని కామెంట్లు. ఆ దుమ్ములో సిలికా ఉంటుంది. అది ఊపిరితిత్తుల్లోకి పోతే సిలికోసిస్ వస్తుంది. ఒకసారి వస్తే నయం చేసే మందు లేదు. సిలికా దుమ్ము క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1997లోనే తేల్చింది.

అన్నిటికంటే ప్రమాదం కిచెన్ ప్లాట్‌ఫారాలకు వాడే క్వార్ట్జ్ స్లాబుతో. ఫ్యాక్టరీలో తయారయ్యే ఈ రాయిలో కొన్ని రకాల్లో నూటికి 90 వంతులకు పైగా సిలికా ఉంటుంది. గ్రానైటులో దానికంటే చాలా తక్కువ, మార్బుల్‌లో ఇంకా తక్కువ. ఆస్ట్రేలియాలో ఈ స్లాబులు కోసే కుర్రవాళ్ళు చిన్న వయసులోనే ఊపిరి అందక పడిపోయారు. జబ్బుపడ్డ కార్మికులు తామే టీవీల ముందుకొచ్చి మాట్లాడారు, డాక్టర్లు, యూనియన్లు వెంట నిలిచాయి. చివరికి 2024 జూలై 1 నుంచి ఆ దేశం ఆ రాయిని నిషేధించింది. ఇక్కడ మనం ఇంకా కోస్తూనే ఉన్నాం.

ఈ జబ్బు చాలావరకు వెంటనే బయటపడదు. కొన్నేళ్ళ తర్వాత, మనం ఇంటికి వెళ్ళిపోయాక బయటపడుతుంది. అప్పటికి కంపెనీ ఉండదు, ఇన్సూరెన్సు కార్డు ఉండదు. కరీంనగర్‌లోనో, కడపలోనో డాక్టరు టీబీ అనుకుని మందులు ఇస్తాడు. కాబట్టి నీళ్ళు పోస్తూ కొయ్యండి, లేదా దుమ్ము పీల్చే మిషను తగిలించమని ఫోర్‌మెన్‌ను అడగండి. తువ్వాలు ఆ సన్నటి దుమ్మును ఆపదు, దానికి తగిన మాస్కు కావాలి. ఎప్పుడైనా డాక్టరు దగ్గరికి వెళ్తే "నేను రాళ్ళు, టైల్స్ కోసే పని ఇన్నేళ్ళు చేశాను" అని ముందే చెప్పండి. పొడిగా కోసే వీడియో కనబడితే లైకు కొట్టకండి. అది చూసి మన ఊరి పిల్లవాడు అదే నేర్చుకుంటాడు.

నాలుగోది, మనం పెట్టే వీడియోలు.

మన పనితనాన్ని నలుగురికీ చూపించాలని ఎవరికైనా ఉంటుంది. వీడియో చూసి మంచి మేస్త్రీని పనికి పిలిచిన కాంట్రాక్టర్లూ ఉన్నారు. కానీ మనం వాళ్ళను గమనిస్తున్నట్టే వాళ్ళూ మనల్ని గమనిస్తారు. టైల్స్ కంపెనీలు, గమ్ కంపెనీలు తమ పేరు ఎక్కడ వచ్చినా, ఎవరు ఏమన్నా చూసుకోవడానికి మనుషుల్ని, సాఫ్ట్‌వేర్‌ను పెట్టుకుంటాయి. ఫోర్‌మెన్ ఫోన్‌లో కూడా మన రీల్ కనబడుతుంది.

ఈ దేశంలో చట్టం గట్టిది. 2021 నాటి 34వ నంబరు సైబర్ నేరాల చట్టం 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. అనుమతి లేకుండా ఇంకొకరి ఫోటో, వీడియో తీసి పెడితే జైలు, లక్షన్నర దిర్హాంల నుంచి మొదలయ్యే జరిమానా ఉన్నాయి. మన ఏళ్ళ సంపాదన అది. విల్లాలో పని చేస్తూ లోపలి గదులు, ఇంటివాళ్ళు, పిల్లలు కనబడేటట్టు ఎప్పుడూ తియ్యకండి. సైట్‌లో తియ్యాలంటే ముందు ఫోర్‌మెన్‌కు వాట్సాప్‌లో అడగండి, సరే అన్న జవాబు దాచుకోండి.

జీతం రాలేదని కోపంతో కంపెనీ పేరు పెట్టి, మేనేజరును తిట్టి వీడియో పెట్టకండి. బాధ నిజమే అయినా కేసు మన మీదికే తిరగవచ్చు. మోహ్రే అని పిలిచే కార్మిక మంత్రిత్వ శాఖకు 80084 నంబరులో ఫిర్యాదు చెయ్యొచ్చు. జీతం బ్యాంకు ద్వారా పడాలనే పద్ధతి 2009 నుంచి ఉంది కాబట్టి, పడిందో లేదో వాళ్ళ దగ్గర లెక్క ఉంటుంది. భారత ప్రభుత్వ సహాయ కేంద్రం నంబరు 80046342. ఈ రెండు నంబర్లూ ఇప్పుడే ఫోన్‌లో ఎక్కించుకోండి, మేము ఆగుతాం.

ఇక మా మనవి. ప్రతి క్యాంపులో టైల్స్ పనివాళ్ళు ఇద్దరు ముందుకు రండి. ఒక నోటు పుస్తకం, ఒక పెన్ను చాలు. చదవడం రానివాళ్ళు నోటితో చెప్పండి, పక్కవాళ్ళు రాస్తారు. నెలకొకసారి అన్ని క్యాంపుల పుస్తకాలూ ఒకచోట పెట్టి చూద్దాం. ఒకే నంబరు రెండు క్యాంపుల పుస్తకాల్లో వేర్వేరు పేర్లతో కనబడితే, ఆ సంగతి ఆ రోజే ఊళ్ళోవాళ్ళకు ఫోన్ చేసి చెప్దాం. అక్కడ ఎవరో ఒక తల్లి పుస్తెలు కుదువ పెట్టడానికి బయల్దేరకముందే ఆ మాట ఆ ఇంటికి చేరాలి.

తలుపు పక్కన బల్ల మీద కాగితం పెట్టాం. వెళ్ళేటప్పుడు మీ పేరు, క్యాంపు పేరు, ఫోన్ నంబరు రాసి వెళ్ళండి. పుస్తకాలు మేమే తెచ్చిస్తాం.