లెక్కలో ఉందాం, తాళం మన దగ్గర ఉంచుకుందాం

(హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాల సామాజిక కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ పొందినవాణ్ణి. నాకు తెలిసిన లోకం దస్త్రాల లోకం. అందుచేత నాకు అప్పగించిన అంశాన్ని దస్త్రాల భాషలోనే విన్నవిస్తాను. మన వివరాలను పదిమంది మేలు కోసం ఇస్తూనే, వాటిపై మన అధికారాన్ని ఎలా నిలుపుకోవాలన్నదే ఆ అంశం.

బిగ్ డేటా అనే మాట మీరు వినే ఉంటారు. కోట్లాది మనుషుల వివరాలు, మనిషి కూర్చుని చదవలేనంతగా, కంప్యూటర్లు మాత్రమే చదవగలిగినంతగా పోగుపడిన రాశి అది. ధర్మవరంలో మగ్గం నేసే కార్మికుని పేరు చేనేత గణనలో ఉంటుంది, పథకాల జాబితాలో ఉంటుంది. హిందూపురం మార్కెట్టుకు పట్టుగూళ్లు తెచ్చిన రైతు వివరాలు చెల్లింపుల పద్దులో ఉంటాయి. పెనుకొండ దగ్గరి కార్ల కర్మాగారంలో కొలువు కోరిన యువకుని వివరాలు దరఖాస్తుల కట్టలో ఉంటాయి. విడివిడిగా చూస్తే ఇవి చిన్న సంగతులే. ఇవన్నీ ఒకే ఆధార్ సంఖ్యతో ముడిపడి ఒకచోట చేరితే మాత్రం ఒక కుటుంబం మొత్తం బ్రతుకు ఎవరి బల్ల మీదనో పరచినట్లవుతుంది.

అట్లయితే వివరాలు ఇవ్వకుండా ఉండిపోదామా? కూడదు. మన హక్కుల చరిత్ర అంతా లెక్కల మీదనే నడిచింది. 2005లో ఏర్పడిన జస్టిస్ రాజేంద్ర సచార్ కమిటీ 2006 నవంబరులో నివేదిక సమర్పించింది. ఆ కమిటీ ఇంటింటికీ తిరిగి కొత్తగా గణన చేయలేదు. 2001 జనగణన, జాతీయ నమూనా సర్వే, బ్యాంకుల లెక్కలు మొదలైన వాటిని, అంటే వేరే అవసరాలకు సేకరించి ఉంచిన సమాచారాన్ని, మళ్లీ చదివింది. చదువులో, కొలువులో, రుణాలలో ముస్లింలు ఎక్కడ ఉన్నారో దేశానికి అంకెలతో చూపింది. ఏ ఒక్కరి పేరూ బయటపెట్టకుండా కోట్లమంది స్థితిని చెప్పింది. ఇటువంటి సమాచారమంతా అందుబాటులో ఉండేలా ఒక జాతీయ సమాచార నిధిని నెలకొల్పాలని కూడా సిఫారసు చేసింది.

మన రాష్ట్రంలో రిజర్వేషన్ల కథ కూడా ఇదే పాఠం చెబుతుంది. 2004లో, 2005లో ఇచ్చిన 5 శాతం న్యాయస్థానంలో నిలువలేదు. 2007లో వెనుకబడిన ముస్లిం వర్గాలకు బి.సి.-ఇ కింద 4 శాతం కల్పించిన చట్టాన్ని కూడా 2010 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టివేసింది. వెనుకబాటును నిర్ణయించిన పరిశీలన శాస్త్రీయంగా లేదన్నది అందులో ఒక ప్రధాన ఆక్షేపణ. అదే సంవత్సరం మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు వల్లనే మన పిల్లలు ఆ సదుపాయాన్ని అందుకుంటున్నారు. లెక్క బలహీనమైతే హక్కు బలహీనమవుతుందని దీనివల్ల గ్రహించాలి.

ఇక రెండవ వైపు చూడండి. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో సుమారు 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ సంఖ్యలు, బ్యాంకు వివరాలు, కులమతాల వివరాలతో సహా బహిరంగంగా కనబడుతున్నాయని పత్రికలలో వెల్లడైంది. మతాన్ని బట్టి, కులాన్ని బట్టి వెతికే వీలు కూడా అందులో ఉండేది. ఇల్లు కావాలని అర్జీ పెట్టుకున్న పేదవాడు తన మతం చెప్పింది ఇంటి కోసం. ఆ వివరంతో ఏ వీధిలో ఏ మతస్థుడు ఉన్నాడో వెతికే వీలును ఎవరికీ కల్పించమని అతడు అడుగలేదు.

ఇది చిన్న ప్రమాదం కాదని ప్రపంచ చరిత్ర చెబుతుంది. నెదర్లాండ్స్ దేశంలో జనన మరణాలను, నివాసాలను, మతాన్ని ఎంతో శ్రద్ధగా నమోదు చేసే పద్ధతి ఉండేది. దాని ఉద్దేశం మంచి పరిపాలనే. 1940లో నాజీ సైన్యం ఆ దేశాన్ని ఆక్రమించిన తరువాత అవే రిజిస్టర్లు యూదులను వెతికి పట్టుకోవడానికి పనికివచ్చాయి. ఆ దేశంలోని సుమారు 1,40,000 మంది యూదులలో లక్షకు పైగా హతులయ్యారు. వ్రాసిన గుమాస్తా మంచివాడే కావచ్చు. రిజిస్టరు మాత్రం చేతులు మారింది. అందుకే సమాచారం ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్నతో ఆగకూడదు. ఎందుకు తీసుకున్నారు, ఎంతకాలం ఉంచుతారు అన్నవి కూడా అడగాలి.

లెక్కలో ఉండటం, రక్షణలో ఉండటం రెండూ కలిసి సాధ్యమేనా? సాధ్యమే. దానికి నమూనా మన ఎదుటే ఉన్నది. 1948 జనగణన చట్టం 15వ సెక్షను ప్రకారం వ్యక్తులు ఇచ్చిన జవాబుల పత్రాలను ఎవరూ తనిఖీ చేయరాదు, వాటిని సాక్ష్యంగా వాడరాదు. పత్రం రహస్యం; పట్టిక అందరిదీ. పాత రికార్డు గదులలోని పద్ధతి కూడా ఇటువంటిదే. అసలు గది దాటదు. అర్జీ పెట్టుకున్నవారికి కావలసినంత మేరకే నకలు ఇస్తారు. ఎవరు, ఎప్పుడు, ఏ పని మీద తీసుకున్నారో రిజిస్టరులో వ్రాస్తారు. ఆధునిక యంత్రాలకు కూడా ఇంతకుమించిన నీతి అవసరం లేదు.

బ్యాంకు వ్యవహారాలలో ఈ నీతికి ఒక రూపం వచ్చింది. రిజర్వు బ్యాంకు 2016లో నియమాలు చేయగా, 2021 సెప్టెంబరు నుండి ఆచరణలోకి వచ్చిన అకౌంట్ అగ్రిగేటర్ పద్ధతి అది. ఏ ఖాతా వివరం, ఎన్ని నెలలది, ఏ పనికి, ఎంతకాలం అన్నది ఖాతాదారుడే నిర్ణయిస్తాడు. నడుమ చేరవేసే సంస్థకు ఆ వివరాలను చదివే వీలు లేదు. ఇచ్చిన అనుమతిని వెనక్కు తీసుకోవచ్చు. అయితే ఒక మాట మరువరాదు. అప్పు అత్యవసరమైనవాడు ‘సరే’ అనక ఏమంటాడు? అవసరం గొంతు మీద కూర్చున్నప్పుడు ఇచ్చే సమ్మతిని పూర్తి సమ్మతి అనలేము. అందుకే సమ్మతితోపాటు చట్టం అండ కావాలి.

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. ఆ కేసు వేసిన జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వెనుకబడిన తరగతుల కమిషన్‌కు అధ్యక్షులుగా పనిచేసినవారే. దరిమిలా 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో నియమాలు వెలువడ్డాయి; ముఖ్యమైన బాధ్యతలు ఆ తరువాత 18 నెలలకు అమలులోకి వస్తాయి. వివరాలు ఎందుకు అడుగుతున్నారో తెలుగులో గాని, ఉర్దూలో గాని తెలుసుకునే అవకాశం మనకు ఉంది. సమ్మతి ఇవ్వడం ఎంత సులభమో, ఉపసంహరించుకోవడం కూడా అంత సులభంగా ఉండాలని చట్టం చెబుతుంది.

కాని ఈ చట్టంలో రెండు లోపాలు మనల్ని నేరుగా తాకుతాయి. మతం, కులం వంటి సున్నితమైన వివరాలకు 2019 బిల్లు ప్రత్యేక రక్షణను ప్రతిపాదించింది; 2023 చట్టంలో అది లేదు. పైగా ప్రభుత్వ సంస్థలకు విస్తృతమైన మినహాయింపులు ఇవ్వవచ్చు. ఆ రక్షణను తిరిగి చేర్చాలని, మినహాయింపులకు హద్దులు పెట్టాలని మనం న్యాయబద్ధంగా కోరాలి. రాబోయే జనగణన 2027 మార్చి 1ని ప్రమాణంగా తీసుకుంటున్నది; అందులో కులగణన కూడా ఉన్నది. దానికి ఏ కుటుంబమూ దూరంగా ఉండరాదు. మన కుల వివరం, మాతృభాష, చదువు, వృత్తి ఉన్నవి ఉన్నట్లు చెప్పాలి.

చివరగా మన ఇంటి సంగతి. జకాత్ కోరినవారి జాబితా, విద్యార్థి వేతనాల జాబితా, వితంతువుల జాబితా మన కమిటీలే తయారు చేస్తున్నాయి. వాటిని ఫోన్ నంబర్లతో సహా వాట్సాప్ గుంపులలో పెట్టే అలవాటు పలుచోట్ల ఉన్నది. సాయం అందుకునే తల్లి పేరు ఊరంతా చదవడం ఆమె గౌరవానికి భంగం. ఆ కాగితం మన దగ్గర అమానతు. ప్రభుత్వాన్ని అడిగే ముందు ఈ నియమాలను మనం పాటిద్దాం. పనికి అవసరమైనంతే అడుగుదాం. ఎందుకో చెప్పి వ్రాసుకుందాం. పని పూర్తి కాగానే ఆధార్ నకళ్లు చించివేద్దాం. ఎక్కడైనా నకలు ఇవ్వవలసి వస్తే, సంఖ్యలో చివరి నాలుగు అంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ ఇచ్చి, దానిపై ఏ పనికో, తేదీతో సహా వ్రాద్దాం. వేలిముద్రలకు తాళం వేసే సదుపాయం ఆధార్ యాప్‌లో ఉన్నది. మన యువకులు పెద్దలకు అది నేర్పాలి.

ఊరికి, వార్డుకు, వృత్తికి సంబంధించిన మొత్తం అంకెలను మాత్రం దాచవద్దు. వాటిని మూడు పట్టణాల కమిటీలూ పరస్పరం పంచుకోవాలి. పరిశోధకులకు, అధికారులకు, విలేకరులకు ధైర్యంగా ఇవ్వాలి. పేర్ల పుస్తకం బీరువాలో, అంకెల పట్టిక బల్ల మీద ఉండాలి. ఈ మేరకు నేడే ఒక తీర్మానం చేసి, ప్రతి కమిటీలోనూ రికార్డుల బాధ్యతను ఒకరికి అప్పగించవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.