ఎర్రరాయి కింది ఊట

ప్రాంతీయ చరిత్ర మీద సదస్సును రాజధానిలో కాకుండా జహీరాబాద్‌లో పెట్టినందుకు నిర్వాహకులను అభినందిస్తున్నాను. మనం మాట్లాడుకోబోయే విషయం ఈ హాలు గుమ్మం దాటగానే మొదలవుతుంది.

అధ్యక్షుడన్నాక ఒక వాదం ముందు పెట్టాలి, తర్వాత వచ్చేవాళ్లు దాన్ని ఖండించాలి. అదీ మర్యాద. ఇవాళ్టి కార్యక్రమ పత్రంలో మతానికి ఒక సమావేశం, సహజ వనరులకు ఒకటి, చరిత్రకు మరొకటి కేటాయించారు. విశ్వవిద్యాలయాల్లోనూ ఇదే పద్ధతి. ఈ గోడలు ఇక్కడ నిలవవని నా మనవి. ఈ పీఠభూమి మీద గుడి, దర్గా, జాతర అన్నీ నేల గురించి, నీళ్ల గురించి జనం దాచుకున్న దస్తావేజులు. పట్వారీ పహాణీలో ఎక్కని సంగతులు వాటిలో ఉన్నాయి. మతాన్ని నమ్మకంగా చదివే పండితులు మనకు చాలామంది ఉన్నారు. ఆర్థిక చరిత్రగా చదివేవాళ్లే తక్కువ. డి.డి. కోశాంబి పుణె చుట్టుపక్కల కాలినడకన తిరిగి, అమ్మవారి రాళ్లు పాత బాటల కూడళ్లలో ఎందుకున్నాయో వెతికాడు. 1962లో వచ్చిన ఆయన ‘మిత్ అండ్ రియాలిటీ’ ఆ నడకల ఫలితం. అట్లాంటి నడక మన వైపు ఇంకా ఎవరూ పూర్తిగా నడవలేదు.

ముందు రాయి సంగతి. జహీరాబాద్ నుంచి బీదర్ దాకా నల్లరాతి మీద ఎర్రరాయి పరుచుకుని ఉంది. భూగర్భ శాస్త్రవేత్తలు లాటరైట్ అంటారు. భూమిలో ఉన్నప్పుడు మెత్తగా ఉండి గొడ్డలిలాంటి పనిముట్టుకే తెగుతుంది. బయటికి తీసి గాలికి, ఎండకు వదిలితే గట్టిపడుతుంది. అందుకే ఇక్కడి పాత ఇళ్ల గోడలు, బీదర్ కోట బురుజులు ఆ రాయితోనే లేచాయి. తేనెపట్టులా ఒళ్లంతా రంధ్రాలే కాబట్టి వానను తాగేస్తుంది. తాగిన నీరు అడుగునున్న గట్టి పొరను తాకి, ఇక దిగలేక పక్కకు జరిగి, గుట్ట అంచున ఎక్కడో ఒకచోట ఊటగా బయటపడుతుంది. పై మట్టి ఎండినా ఆ ఊట చాలాకాలం ఆరదు. ఈ ప్రాంతపు చరిత్రలో సగం ఈ ఒక్క కదలికలోనే ఉందంటే అతిశయోక్తి అనుకోకండి.

ఆ ఊటలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూడండి. ఝరాసంగంలో కేతకీ సంగమేశ్వరుడు, గుడి పక్కన గుండం. చర్మవ్యాధితో బాధపడిన కుపేంద్రుడనే రాజు ఆ నీళ్లలో మునిగి బాగుపడ్డాడని స్థలపురాణం. శివపూజకు పనికిరాదని అందరూ పక్కన పెట్టే మొగలిపువ్వును ఇక్కడ మాత్రం స్వామికి పెడతారు. మొగలిపొద తడి ఉన్నచోటే పెరుగుతుంది. శాస్త్రం కాదన్న పువ్వును స్థలం అవునన్నది. బీదర్ వెళ్తే, ఛాతీ లోతు నీళ్లలో సొరంగం వెంట నడిచి చూడాల్సిన ఝరణీ నరసింహుడు. మరోపక్క నానక్ ఝీరా. నీటికి కటకటలాడుతున్న జనం కోసం గురునానక్ పాదంతో రాయిని జరిపితే తియ్యటి నీరు ఉబికిందని సిక్కుల విశ్వాసం. గురు గోవింద్ సింగ్ తొలి పంజ్ ప్యారాల్లో ఒకరైన భాయీ సాహిబ్ సింగ్ ఈ బీదర్ వాడేనని పంజాబ్‌లో పిల్లలకు కూడా తెలుసు, మనలో ఎందరికి తెలుసో చెప్పలేను. శైవులు, వైష్ణవులు, సిక్కులు వేరువేరు కాలాల్లో వచ్చి ఒకే రాతిపొర అంచున ఆగారు.

రాజులూ అదే దారిలో నడిచారు. బహమనీ సుల్తాన్ అహ్మద్ షా పదిహేనో శతాబ్దంలో రాజధానిని గుల్బర్గా నుంచి బీదర్‌కు మార్చాడు. ఆ ఎర్రరాతిని తొలిచి భూగర్భ కాలువలు, ఇక్కడి మాటలో సురంగ బావులు, కరేజ్ అనే పారశీక పద్ధతిలో తవ్వించిన కాలం అది. బీదర్ నౌబాద్‌లో ఆ కరేజ్ ఇప్పటికీ కనిపిస్తుంది. ఇరాన్ నుంచి వచ్చిన వాళ్ల విద్యకు ఈ నేల ఒప్పుకుంది, లేకపోతే ఎంత పెద్ద సుల్తాన్ అయినా ఏం చేయగలడు! ఆ అహ్మద్ షాను ‘వలీ’, అంటే సిద్ధపురుషుడు, అనడం వెనక ఒక కథ ఉంది. కరువు వచ్చినప్పుడు గుట్టెక్కి ప్రార్థిస్తే వాన కురిసిందట. ఫెరిష్తా రాసిపెట్టాడు. వానే సుల్తాన్‌ను వలీని చేసింది. అష్టూర్‌లో ఆయన సమాధి దగ్గర ఉర్సు నేటికీ హోలీ తర్వాత హిందూ పంచాంగం ప్రకారం జరుగుతుంది, లింగాయత జంగమ స్వామి అందులో ముందుంటాడు.

లింగాయతుల మాట వచ్చింది కాబట్టి సాహిత్యం వాళ్లకు ఒక విన్నపం. పన్నెండో శతాబ్దంలో కల్యాణ పట్టణంలో బసవేశ్వరుడు కాయకం అన్నాడు, దాసోహం అన్నాడు. ఒకటి శ్రమ, ఒకటి పంపకం. పాల్కురికి సోమన ఆయన కథను బసవపురాణంగా ద్విపదలో తెలుగు చేస్తే, 1369లో భీమకవి దాన్ని కన్నడంలోకి తీసుకెళ్లాడు. కన్నడ నేల మీద పుట్టిన కథ తెలుగులో ఎదిగి మళ్లీ కన్నడానికి చేరింది. ఆ రాకపోకలకు దారి మన వంటి సరిహద్దు పీఠభూములే. సోమన దేశి కవిత్వాన్ని ఛందస్సు చర్చగానే చదువుతున్నాం. అందులో చాకలి, మాదిగ, కుమ్మరి భక్తుల వృత్తుల వివరాలను ఆర్థిక చరిత్రకారుడు ఒక్కసారైనా చదవాలి. బిజాపూర్ సూఫీల మీద రిచర్డ్ ఈటన్ చేసిన పని అట్లాంటిదే. తిరగలి తిప్పే ఆడవాళ్ల కోసం సూఫీలు దక్కనీలో చక్కీనామాలు కట్టారని, మతం ఇళ్లలోకి పాండిత్యంతో కాక పిండితో పాటు వెళ్లిందని 1978లోనే ఆయన చూపించాడు. దక్కన్ తిరగలిలో ముందుగా పడేది జొన్న.

ఇంతదాకా విని ఇదొక సామరస్య కథ అనుకుని మురిసిపోకండి. ఊట దేవుడిదే అయినా, ముందు ఎవరు ముంచుకోవాలో కులం చెప్పింది. చాలా మాదిగ కుటుంబాలు మెథడిస్టు సంఘంలోకి వెళ్లడానికి, ధారూర్ క్రైస్తవ జాతరకు ఏటా అంతమంది కదలడానికి బోధ ఒక్కటే కారణం కాదు. ఇంకో గాయం మతం పేరిట తగిలింది. 1948 సెప్టెంబర్‌లో నిజాం రాజ్యాన్ని కలుపుకోవడానికి భారత సైన్యం షోలాపూర్ రోడ్డు వెంట వస్తూ ఈ బీదర్ కూడలి దగ్గర ఎదురుకాల్పులను చూసింది. ఆ తర్వాతి వారాల్లో ముస్లింల మీద జరిగిన హింసను సుందర్‌లాల్ కమిటీ నమోదు చేసింది. ఎక్కువ నష్టపోయిన నాలుగు జిల్లాల్లో ఉస్మానాబాద్, గుల్బర్గా, నాందేడ్‌లతో పాటు బీదర్ ఉంది. అప్పుడు జహీరాబాద్ ఆ జిల్లాలోదే. ఎన్ని వృత్తులు, ఎంత భూమి అప్పుడు చేతులు మారాయో మన దగ్గర లెక్క కట్టినవాళ్లు లేరు. ఉర్సు గురించి మాట్లాడి దీన్ని దాటేసే వక్త మీద నాకు గౌరవం తక్కువ.

1956లో రాష్ట్రాల పునర్విభజన బీదర్ జిల్లాను మూడు ముక్కలు చేసింది. జహీరాబాద్, నారాయణఖేడ్, న్యాల్కల్ ఆంధ్రప్రదేశ్‌కు వచ్చి మెదక్ జిల్లాలో చేరాయి. నిర్ణా సర్కిల్, బీదర్, భాల్కీ మైసూరుకు పోయాయి. ఉద్గీర్, నిలంగా బొంబాయికి పోయాయి. భాషను బట్టి గీత గీశారు. రాతిపొరను బట్టి, సంతలను బట్టి గీయలేదు. అది తప్పని అనడం లేదు, భాషా రాష్ట్రాల వల్ల మన భాషకు దక్కింది తక్కువేం కాదు. కానీ 30 కిలోమీటర్ల దూరంలోని బీదర్ మనకు పరాయి రాష్ట్రమైంది, పరిశోధకులకు మరింత పరాయిదైంది. కన్నడ గెజిటీర్ చదివినవాడు తెలుగు గెజిటీర్ చదవడు. భక్తులకు మాత్రం ఈ గీతతో పని లేదు. ఝరాసంగం గుడి ముందు మరాఠీ, కన్నడం, తెలుగు, దక్కనీ నాలుగూ వినిపిస్తాయి.

ఇక పారే నీళ్లు. మంజీర మహారాష్ట్ర బాలాఘాట్ కొండల్లో పుట్టి, బీదర్ దాటి మన జిల్లాలోకి వస్తుంది. దాదాపు 30 టీఎంసీల సింగూరు జలాశయం మన పక్కనే ఉన్నా ఆ నీళ్లు చాలా ఏళ్లు హైదరాబాద్ దాహం తీర్చాయి, కింద నిజాంసాగర్‌కు వెళ్లాయి. మన చెలకలు ఎత్తు మీద ఉన్నాయి, నీరు పల్లమెరుగుతుంది. ఎత్తిపోస్తామని 2022 ఫిబ్రవరిలో రెండు పథకాలకు శంకుస్థాపన చేశారు. జహీరాబాద్, అందోల్, సంగారెడ్డి వైపు ఒకటి, నారాయణఖేడ్ వైపు ఇంకొకటి. వాటి పేర్లు సంగమేశ్వర, బసవేశ్వర. ఇంజినీర్లు కూడా ఊటల దేవుణ్ణి, కాయక గురువును తలుచుకోక తప్పలేదు.

నీళ్లు ఎక్కని ఆ చెలకల్లోనే ఈ ప్రాంతపు అసలు విద్య ఉంది. భూసంస్కరణల్లో దళిత కుటుంబాలకు ఎకరమో రెండెకరాలో అసైన్డ్ భూమి ఇచ్చారు, చాలావరకు రాళ్లు తేలినది. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. ఆకలి తీరింది, కాదనను. కాలువల కింద పండిన బియ్యం ఇంటికి చేరేసరికి జొన్న చేను పాడుబడింది. అదే ఏడు పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. దాన్ని దశాబ్దాలు నడిపిన పి.వి. సతీష్ 2023లో, ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరం జరుపుకుంటుండగా, కన్నుమూశారు. 1990ల మధ్యలో ఆ సొసైటీ సంఘాల ఆడవాళ్లు అప్పు తీసుకుని బీళ్లు దున్నించి, దాన్ని పైకంగా కాక జొన్నలుగా తీర్చే ఏర్పాటు చేసుకున్నారు. ఆ గింజలను ఊళ్లోనే నిల్వపెట్టి, పనులు దొరకని వానాకాలంలో పేదలకు చౌకగా ఇచ్చారు. ఎవరు పేదో ఊరే కూర్చుని తేల్చింది. దాసోహం అంటే ఏమిటో నేను పుస్తకంలో కన్నా ఈ రేషన్‌లో బాగా అర్థం చేసుకున్నాను.

వాళ్ల విత్తనాల బుట్టలు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. బుట్టకు పేడ, మట్టి కలిపి అలుకుతారు. గింజల మధ్య బూడిద, వేపాకు వేసి, మూతి మళ్లీ మట్టితో మూసేస్తారు. యాసంగిలో నీరు పెట్టకుండా, మంచుకే పండే శనగ, కుసుమ, అవిసెలను సత్యం పంటలంటారు. సంక్రాంతి వేళ ఆ బుట్టలను అలంకరించిన ఎద్దుబండ్ల మీద పెట్టి ఊరూరా తిప్పేదే పాత పంటల జాతర. మాచ్‌నూర్‌లో 2008 అక్టోబర్ నుంచి ఈ సంఘాల గొంతుగా సంఘం రేడియో పలుకుతున్నది. ఈ జాతరను ఎన్జీవో కార్యక్రమం అని ఒక ఖానాలో వేస్తే మనకే నష్టం. జాతర అనే పాత రూపంలోకి విత్తన మార్పిడి అనే ఆర్థిక క్రియ వచ్చి కూర్చుంది. గునుగు సంగతీ అంతే. వ్యవసాయ అధికారికి అది కలుపు. పేదింటికి కూర. బతుకమ్మ నాడు పళ్లెంలో పువ్వు.

ఇప్పుడు ఈ చెలకల మీదికే పరిశ్రమ వస్తోంది. జాతీయ పెట్టుబడుల, తయారీ మండలి కింద న్యాల్కల్, ఝరాసంగం మండలాల్లోని 17 గ్రామాల్లో దాదాపు 12,635 ఎకరాలకు గుర్తు పెట్టారు. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం జహీరాబాద్‌ను పారిశ్రామిక నగరాల జాబితాలో చేర్చింది. కేతకీ గుండం, సంఘం రేడియో, ఈ పరిశ్రమల మండలిలో కొంత భాగం ఒకే ఝరాసంగం మండలంలో ఉన్నాయి. పరిశ్రమ ఇక్కడ కొత్త కాదు. 1980లలో ఆల్విన్ నిస్సాన్ వాహనాలు ఈ షోలాపూర్ రోడ్డు మీదే తయారయ్యాయి, 2013 నుంచి మహీంద్రా ట్రాక్టర్లు తయారవుతున్నాయి. కోహీర్ జామపండు, ఇక్కడి ఆలుగడ్డ కూడా ఆ రోడ్డును నమ్ముకునే పెరిగాయి. కాబట్టి ఫ్యాక్టరీ అనగానే ముఖం చిట్లించే కవులతో నేను కలవను. నా పట్టు ఒక్కదాని మీదే. భూసేకరణకు తెచ్చిన జీవో 123 మీద భూమిలేని కూలీలు కోర్టుకెళ్లారు. పట్టా లేకపోయినా ఆ నేల మీదే తమ బతుకుందన్నారు. 2016 ఆగస్టులో హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం ఆ జీవోను కొట్టేసింది. అప్పీళ్లు, చట్ట సవరణ తర్వాత వచ్చాయి. న్యాయం సంగతి న్యాయవాదులు చూసుకుంటారు. చరిత్రకారులుగా మనం చూడాల్సింది, ఆ కూలీలు చెప్పిన బతుకును రుజువు చేసే కాగితం ఏ ఆఫీసులోనూ ఎందుకు లేదన్నది.

అందుకని ఈ సదస్సుకు ఒక పని అప్పగిస్తున్నాను. ఆ 17 గ్రామాలతో మొదలుపెట్టి ఊరూరికీ ఒక పుస్తకం రాద్దాం. ఏ ఊట ఎక్కడుంది, దాని పక్కన ఏ దేవుడు, ఏ పీరు, ఏ నెలలో జాతర, ఆ రోజు ఏ గింజ పెడతారు, ముందు ఎవరు ముట్టుకుంటారు, ఎవరు దూరంగా నిలబడతారు, 1948కి ముందు ఆ చేను ఎవరిది, ఇప్పుడు ఎవరిది. చేనులో ఎవరూ విత్తకుండా మొలిచే కూరల పేర్లు కూడా రాయండి, వాటిని ఏరుకునే వాళ్ల హక్కు వాటితోనే తెలుస్తుంది. దీనికి పెద్ద నిధులు అక్కర్లేదు. తెలుగుతో పాటు దక్కనీ, కన్నడం, మరాఠీ వినగలిగిన విద్యార్థులు కావాలి, వాళ్లు ఈ హాల్లో వెనక వరసల్లోనే ఉన్నారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర పేర్లు ఇవ్వండి. ఇప్పుడు మొదటి పత్రం చదవాల్సిన మిత్రులను వేదిక మీదికి రమ్మంటున్నాను.