తీగలన్నీ పాతాల్సిందేనా?



2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద విరుచుకుపడింది. గంటకు 180 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి వేల కరెంటు స్తంభాలు నేలకూలాయి. చీకటినైనా జనం ఓర్చుకున్నారు గానీ, పంపులు తిరగక తాగునీళ్ళకి పడ్డ పాట్లు చెప్పనలవి కాదు. ఆ తర్వాత ప్రపంచ బ్యాంకు రుణంతో నగరంలో భూగర్భ కేబుళ్ళు వేసే పని మొదలైంది. ఆ నిర్ణయం సరైనదే. అయితే తీరంలో ప్రతి ఊరికీ అదే మందు అంటే మాత్రం నేను ఒప్పుకోను.

నేల కింది కేబుల్‌కి గాలి భయం లేదు, విరిగిపడే కొమ్మల భయం లేదు. నీటి భయం ఉంది. న్యూయార్క్‌లో దిగువ మాన్‌హాటన్‌కి కరెంటు నేల కిందనుంచే వెళుతుంది. 2012లో శాండీ తుపానుకి ఎగసిన సముద్రం నది ఒడ్డు సబ్‌స్టేషన్‌ని ముంచేసింది. ఆ ప్రాంతమంతా రోజుల తరబడి చీకటైంది. అంతదూరం ఎందుకు, 2015 వరదల్లో చెన్నై సంగతి చూడండి. నేల కింది కేబుళ్ళ నుంచి ఇళ్ళకి కరెంటు పంచే వీధి పిల్లర్ బాక్సులు నీట మునిగితే, మనుషుల ప్రాణాలు కాపాడటానికి కరెంటు ఆపేయక తప్పలేదు.

ఇక ఖర్చు. పైన వేసే లైనుకన్నా ఎన్నో రెట్లు. ఆ భారం చివరికి బిల్లుల రూపంలోనో, పన్నుల రూపంలోనో మన మీదే పడుతుంది.

మరమ్మతు సంగతి ఇంకా ముఖ్యం. పైన తీగ తెగితే లైన్‌మన్ కంటికి కనబడుతుంది. కింద ఫాల్ట్ వస్తే ప్రత్యేక వ్యాన్ రావాలి. కేబుల్‌లోకి హైవోల్టేజీ దెబ్బలు పంపి, రోడ్డు మీద మైకు ఆనించి, ఎక్కడ ధబ్బుమంటుందో విని, అక్కడ తవ్వాలి. చాలాసార్లు ఆ లోపం కేబుల్ ముక్కలు కలిపిన జాయింటులోనే దొరుకుతుంది. జాయింటు వేయడానికి పదకొండు కేవీ కేబుల్ ఒలిచేటప్పుడు కత్తి మొన లోపలి ఇన్సులేషన్‌కి తగిలి సన్నటి గీత పడినా, చెమట చెయ్యి తడి అంటినా, ఆ రోజు టెస్టులో ఏమీ తెలియకపోవచ్చు. ఏళ్ళు గడిచాక అక్కడే పేలుతుంది. అందుకే కేబుల్ కొనుగోలు మీద పెట్టే శ్రద్ధ జాయింటర్ల శిక్షణ మీదా పెట్టాలని పదేపదే అడుగుతున్నాను.

మరేం చేయాలి? ఆసుపత్రులకు, తాగునీటి పంపులకు, ఇరుకు వీధులకు వెళ్ళే ఫీడర్లు పాతండి. వాటి స్విచ్‌గేర్‌ని వరదమట్టానికి పైన దిమ్మెల మీద పెట్టండి. 2018లో తిత్లీ తుపానుకి దెబ్బతిన్న ఉద్దానంలాంటి చోట, కొబ్బరి, జీడి తోటల మధ్య దూరదూరంగా ఉన్న ఊళ్ళకి కిలోమీటర్ల కొద్దీ కేబుల్ పాతడం డబ్బు దండగ. అక్కడ గట్టి పునాదితో దగ్గర దగ్గరగా స్తంభాలు, తొడుగున్న తీగలు, రెండు వైపుల నుంచీ కరెంటు అందే ఏర్పాటు, వానాకాలానికి ముందే కొమ్మల నరుకుడు కావాలి.

ఇంజనీరు మిత్రులకు ఒక్క మనవి. కందకం పూడ్చేముందు కేబుల్ ఎక్కడ పోయింది, ఎంత లోతున ఉంది, జాయింటు ఎక్కడ పడింది, మ్యాపులోకి ఎక్కించండి. ఆ మ్యాపుని నగరపాలక సంస్థకీ, గ్యాస్ వాళ్ళకీ, ఫోన్ కంపెనీలకీ ఇవ్వండి. తుపాను ఎప్పుడో ఒకసారి వస్తుంది, పొక్లెయిన్ రోజూ వస్తుంది.