పనిచోట కంటికి కాపు: పవర్ ఉన్నవారికి రక్షణ కళ్ళద్దాలు



మీ ఇళ్ళలో వెల్డింగ్, లేత్, గ్రైండింగ్, రాతి కోత పనులకు వెళ్ళేవారు ఉంటారు. విజయవాడ ఆటోనగర్‌లో ఇనుప పనైనా, చీమకుర్తిలో గ్రానైట్ పనైనా, తాండూరులో బండల పాలిషింగైనా కంటికి ముప్పు ఒకటే. ఎగిరివచ్చే నలుసు రెప్ప వేసేంత వ్యవధి కూడా ఇవ్వదు. అందుకే చూపు కోసం ఇప్పటికే అద్దాలు వాడేవారు పనిలో ఏ అద్దాలు పెట్టుకోవాలో ఈ రోజు తెలుసుకుందాం.

"మావారికి అద్దాలున్నాయి కదా సిస్టర్, మళ్ళీ వేరేవి ఎందుకు?" అని మీరు అడగవచ్చు. మామూలు పవర్ అద్దాలు చూపు కోసమే గాని దెబ్బ కాయడానికి చేసినవి కావు. పక్కల నుంచి, పై నుంచి నలుసు సులువుగా లోపలికి వస్తుంది. గట్టి దెబ్బ తగిలితే అద్దం ఫ్రేములోంచి ఊడి కంటి మీదికే వస్తుంది. గాజు అద్దమైతే పగిలి, ఆ పెంకులే కంట్లో గుచ్చుకుంటాయి.

పవర్ అద్దాల మీద పెట్టుకునే పెద్ద గాగుల్స్ కూడా దొరుకుతాయి. కొద్దిసేపటి పనికి అవి చాలు. కాని రోజంతా రెండూ పెట్టుకుంటే చెమట పట్టి, ఆవిరి కమ్మి, చెవుల వెనక నొక్కుకుని ఏదో ఒకటి తీసేస్తారు. గాగుల్స్ తీస్తే కంటికి రక్షణ పోతుంది. పవర్ అద్దాలు తీస్తే పని కనబడక ముఖాన్ని చక్రం దగ్గరికి వంచుతారు. రెండూ ప్రమాదమే. కాబట్టి రోజూ ఆ పని చేసేవారికి పవర్, రక్షణ రెండూ ఒకే జతలో ఉండాలి.

కొనేటప్పుడు చూడవలసినవి

1. ముందు కంటి పరీక్ష చేయించండి. చేసే పని ఏమిటో, ఎంత దూరంలో చూడాలో డాక్టరుగారికి చెప్పండి. నలభై దాటి చత్వారం వచ్చినవారికి ఇది మరీ ముఖ్యం. రెండు పవర్ల అద్దంలో దగ్గరి చూపు భాగం కింద ఉంటుంది. తల పైకెత్తి చేసే పనికి అది ఉపయోగపడదు.

2. "పగలని అద్దం" అన్న మాటతో సరిపెట్టుకోకండి. పాలీకార్బొనేట్ అద్దం కావాలని పేరు చెప్పి అడగండి. అది తేలిక, దెబ్బకు బాగా తట్టుకుంటుంది. గీతలు త్వరగా పడతాయి కనుక పైన గట్టి పూత వేయించండి.

3. మంచి అద్దాన్ని మామూలు ఫ్రేములో వేయిస్తే ప్రయోజనం ఉండదు. అద్దం మీద, ఫ్రేము మీద ప్రమాణం గుర్తు ఉందేమో చూడండి. కంటి రక్షణ సాధనాలకు మన దేశ ప్రమాణం ఐఎస్ 5983. అమెరికా ప్రమాణమైతే పవర్ అద్దాల ఫ్రేము మీద జెడ్ 87-2 అని, గట్టి దెబ్బకు ఆగే అద్దం మీద జెడ్ 87 ప్లస్ అని ఉంటుంది. ఈ ప్లస్ గుర్తు కోసం పావు అంగుళం ఉక్కు గుండును సెకనుకు 150 అడుగుల వేగంతో కొట్టి పరీక్షిస్తారు.

4. రెండు పక్కలా మూతలు ఉండాలి. తల వంచినా జారకూడదు. హెల్మెట్ పెట్టుకునేవారు దానితో కలిపి పెట్టి చూసుకోవాలి.

5. ఈ అద్దాలు అన్ని పనులకూ చాలవు. గ్రైండింగ్‌కు పైన ముఖ కవచం కూడా కావాలి. రసాయనాల పనికి అన్ని వైపులా మూసుకునే గాగుల్స్ కావాలి. ఆర్క్ వెల్డింగ్‌కు కరెంటును బట్టి సాధారణంగా 10 నుంచి 13 నంబరు నల్లద్దం వాడతారు. దాని లోపల కూడా రక్షణ అద్దాలు ఉండాలి, ఎందుకంటే షీల్డ్ ఎత్తి చిట్టెం కొట్టేటప్పుడే ముక్కలు ఎగురుతాయి. వెల్డింగ్ వెలుగు దెబ్బ కొన్ని గంటల తర్వాత, రాత్రి పూట, కళ్ళలో ఇసుక పోసినట్లు బయటపడుతుంది. పక్కన పట్టుకునే హెల్పరుకూ అది తప్పదు.

ఖర్చు సంగతి యజమానిని అడగడానికి మొహమాటపడకండి. ముక్కలు ఎగిరే పనుల్లో, మితిమీరిన వెలుతురు ఉండే పనుల్లో గాగుల్స్ ఇప్పించేలా ప్రభుత్వం నియమాలు చేయవచ్చని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు. డాక్టరుగారి చీటీ తీసుకుని వెళ్ళి అడగండి.

ఒక కన్ను ఇదివరకే పోయినవారు పనిలోనే కాదు, మెలకువగా ఉన్నంతసేపూ పాలీకార్బొనేట్ అద్దాలు పెట్టుకోవాలి. ఉన్న ఆ ఒక్క కన్నే వారికి ఆధారం.

అద్దాలను పొడిగుడ్డతో రుద్దకండి. ముందు నీళ్ళతో కడిగి తర్వాత తుడవండి. గట్టి దెబ్బ తగిలిన అద్దం పైకి బాగానే కనబడినా మార్చేయండి.

ప్రమాదం జరిగితే

కన్ను నలపకండి. పిన్నుతో, గుడ్డ కొనతో నలుసు తీయకండి. చనుబాలు, ఆకు పసరు, ఆముదం వేయకండి. వాటివల్ల నల్లగుడ్డు మీద పుండు పడి, కంట్లో పువ్వు మిగలవచ్చు. సున్నం, సిమెంటు, యాసిడ్ పడితే వెంటనే కనీసం 15 నిమిషాలు మంచినీళ్ళ ధారతో కడిగి, ఆ తర్వాత తీసుకురండి. ఏదైనా గుచ్చుకుని ఉంటే కడగవద్దు, నొక్కవద్దు. కాగితం కప్పు బోర్లించి కట్టి తీసుకురండి. సుత్తితో ఇనుము కొడుతుండగా ఏదో తగిలిందని చెబితే, నొప్పి లేకపోయినా ఆ రోజే రండి. సన్నటి ముక్క లోపలికి దిగి ఉండవచ్చు.

పొద్దున్నే క్యారేజీ సర్దేటప్పుడు అద్దాల పెట్టె కూడా పక్కనే పెట్టండి. "పెట్టుకున్నావా?" అని ఫోనులో ఒక మాట అడగండి. డాక్టరు చెప్పినదానికన్నా ఇంట్లోవాళ్ళు రోజూ చెప్పే మాట ఎక్కువ పనిచేస్తుంది.

దేవుడు మీ ఇంటిల్లిపాదినీ, మీ అందరి చూపునూ కాపాడును గాక.