ఊరు పెంచే నారు, తిరిగొచ్చే అడవి

పోయిన అడవి తిరిగి రావాలంటే ముందు మంచి నారు కావాలి. ఆ నారుమడి ఊరివాళ్ల చేతుల్లోనే ఉంటే ఎంత పని జరుగుతుందో కెన్యా పల్లె మహిళలు చేసి చూపించారు.

అక్కడ వలసపాలన కాలంలో సహజమైన అడవులు కొట్టి పైన్, యూకలిప్టస్, తేయాకు తోటలు వేశారు. వాగులు ఎండాయి, మట్టి కొట్టుకుపోయింది, వంటచెరకుకు కరువొచ్చింది. 1977లో అక్కడి పర్యావరణవేత్త వంగారి మాథాయ్ గ్రీన్ బెల్ట్ ఉద్యమం మొదలుపెట్టారు. ఆడవాళ్లు గుంపులుగా చేరి, చుట్టుపక్కల చెట్ల విత్తనాలు ఏరి, పగిలిన కుండల్లో సైతం మొక్కలు పెంచారు. నాటిన మొక్క బతికితేనే దానికి ఇంత అని కొద్దిపాటి సొమ్ము చేతికందేది. అందుకే సంరక్షణ శ్రద్ధగా సాగింది. ఆ ఉద్యమం 5 కోట్లకు పైగా చెట్లు నాటించింది. మాథాయ్‌కు 2004లో నోబెల్ శాంతి బహుమతి దక్కింది.

ఇలా ఊరివాళ్లే నారు పెంచడం మన ఊళ్లలోనూ సాధ్యమే. ఇప్ప, వేప గింజలు నిలవ ఉంచితే మొలకశక్తి పోతుంది. రాలిన కొద్దిరోజుల్లోనే విత్తాలి. రేల గింజల తొక్క గట్టిది. వేడినీళ్లలో వేసి రాత్రంతా నాననిస్తే మొలక సులువవుతుంది. సంచుల్లో పెంచేటప్పుడు, వేళ్లు సంచి అడుగున చుట్టలు చుట్టుకోకముందే మొక్కను నాటాలి. నాటే ముందు కొన్ని వారాలు నీడ, నీరు తగ్గిస్తూ ఎండకు అలవాటు చేయాలి.

ఎండాకాలం చివర మీ ఊరి పాత చెట్ల కింద గింజలు ఏరండి. బడి ఆవరణలోనో చెరువు దగ్గరో అందరూ కలిసి నారుమడి వేయండి.